టేపు అరిగిన చోట

పోయిన శుక్రవారం రఘుపతి తన కన్నతల్లిని చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. తల్లి అని తెలియక నవ్వాడు, అది వేరే సంగతి. కానీ నవ్వింది నవ్విందే కదా, వెనక్కి మింగడానికి లేదు.

ఒమాన్‌లోని రుసైల్‌లో వాళ్ల కంపెనీ రూమ్‌లో శుక్రవారం అంటే ఒక పద్ధతి ఉంది. పొద్దున బట్టలు ఉతికి ఆరేయడం, మధ్యాహ్నం వండుకుని తినడం, తిన్నాక ఏసీ కింద మంచాల మీద అడ్డంగా పడి ఓంకార్ ఏ సినిమా వేస్తే ఆ సినిమా చూడటం. ఓంకార్ కోరుట్ల పిల్లగాడు, గోడౌన్‌లో ప్యాకింగ్ డ్యూటీ. మామూలు సినిమాలంటే వాడికి ఆవలింతలొస్తాయి. వాడికి కావల్సినవి ముప్పై, ముప్పై అయిదేళ్ల కింద బొంబాయిలో ఎవరో చేతికందిన డబ్బుతో పది పదిహేను రోజుల్లో చుట్టేసిన హిందీ దయ్యాల సినిమాలు. రబ్బరు మొహం రాక్షసుడు, పెదాలు ఆగిపోయాక కూడా మాట్లాడే హీరో, ప్రతి సినిమాలో అదే బంగళా, అదే గబ్బిలం, ఆ గబ్బిలాన్ని ఎగరేసే దారం కూడా మనకు కనిపిస్తుంది. దారం కనిపించినప్పుడల్లా ఓంకార్ మంచం మీద లేచి నిలబడి సెల్యూట్ కొడతాడు. ఇలాంటి పిచ్చోళ్లకు ఫోన్‌లో ఒక గ్రూపు కూడా ఉంది, కాన్పూర్ నుంచి కువైట్ దాకా మనుషులున్నారు అందులో, ఎక్కడ ఏ పాత క్యాసెట్ దొరికినా పండగ చేసుకుంటారు.

ఆ రోజు వేసింది 'గీలీ పాయల్', అంటే తడిసిన పట్టీలు. మెట్లబావి, అందులో పడి చచ్చిన కోడలు, తెల్లచీర, మోకాళ్ల దాకా జుట్టు, కాళ్లకు పట్టీలు. దయ్యం ఎప్పుడు చూసినా వెనక నుంచే కనిపిస్తుంది, ముందుకు తిరిగితే జుట్టంతా మొహం మీదే ఉంటుంది. ఒకచోట అది గాల్లో తేలుతూ రావాలి. చక్రాల బండి మీద నిలబెట్టి లాగినట్టున్నారు, సగం దూరం బాగానే వచ్చి ఒక్కసారి తూలింది, రెండు చేతులూ గాల్లో ఆడించి నిలదొక్కుకుంది, మళ్లీ ఏమీ ఎరగనట్టు తేలడం మొదలుపెట్టింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచేశారు. రూమంతా దొర్లి దొర్లి నవ్వింది.

"దయ్యానికి లైసెన్స్ ఇయ్యకముందే బండి ఎక్కిచ్చినట్టున్నర్రా" అన్నాడు రఘుపతి. అతను ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఆ జోకు ఇంకా పేలింది.

సాయంత్రం మెట్‌పల్లిలో ఉన్న అక్క వాణికి ఫోన్ చేసి అదే చెప్పాడు. అవతల నుంచి నవ్వు రాలేదు.

"అక్కా, ఇనవడుతుందా?"

"బండి మీద తూలిందా?"

"అవ్. బండి రాయికి తాకినట్టుంది."

"రాయి గాదు. లాగేటోని చెప్పు ఊడింది." అంది వాణి. "నేను ఆడనే ఉన్నరా. నన్నొక డబ్బా మీద కూసోబెట్టిన్రు. నువ్వు నా ఒళ్ల ఉన్నవ్. గా దయ్యం మన అమ్మ."

 లోపల రూమ్‌లో ఎవరో ఇంకా తూలడం అనుకరించి చూపిస్తున్నారు.

తండ్రి ఇస్తారి బొంబాయి పక్కన భివండీలో మగ్గం నడిపేవాడని అతనికి తెలుసు. తల్లి గౌరవ్వ అక్కడే జ్వరంతో పోయిందని తెలుసు, అప్పటికి తనకు నడక కూడా సరిగ్గా రాలేదు. మిగతాది అక్క ఇప్పుడు చెప్పింది, ఇన్నేళ్లు తండ్రికి భయపడి నోరు కుట్టేసుకున్నదంతా ఒక్క ఊపులో చెప్పింది. మగ్గాలు ఆగిపోయినప్పుడు పక్కింటామె వెంట అమ్మ షూటింగులకు గుంపులో నిలబడటానికి పోయిందట. జుట్టు చూసి దయ్యం వేషం ఇచ్చారట, విగ్గు కొనే పని తప్పుతుందని. మొహానికి పౌడరుతో ఇంటికొచ్చి పిల్లల్ని గది చుట్టూ తరిమేదట. సినిమా బయటికొచ్చే నాటికి ఆమె లేదు, నాయన పిల్లలతో ఊరికొచ్చేశాడు. అదే సినిమా మెట్‌పల్లి వీడియో హాల్లో ఆడింది. చూసొచ్చిన వాళ్లు నాయనను చూసి ఇకిలించారు. నాయన ఆ పూట ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ తెచ్చి పొయ్యిలో పెట్టాడు, పెళ్లి ఫోటోతో సహా. చచ్చేదాకా ఆమె పేరెత్తలేదు.

అందుకే రఘుపతికి తల్లి అంటే ఒట్టి పేరు. కళ్లు మూసుకుంటే ఏమీ రాదు.

"మొఖం యాడ కనబడదా అక్కా సినిమాల?"

"చివర్ల కనబడ్తది. బాయిలకెల్లి లేసొచ్చి, జుట్టు రెండు చేతులతోని పక్కకు తీసి సక్కగ చూస్తది. కెమెరాల చూడుమని డైరెక్టరు చెప్తుండు. అమ్మేమో కెమెరా పక్కకు చూసింది. నువ్వు ఏడుస్తున్నవ్ అప్పుడు, నీ దిక్కు చూసింది. తిట్టిండు గాని మల్ల తియ్యలే, రీలు దండుగైతదని."

రఘుపతి రూమ్‌లోకి పోయి ఓంకార్ చేత సినిమా చివర మళ్లీ వేయించాడు. బావిలోంచి తెల్లచీర లేవబోయింది, అంతలో టక్కున పోలీసు జీపు వచ్చింది. ఇంకోసారి వేయించాడు. మళ్లీ జీపే వచ్చింది.

"కోసేసిన ప్రింట్ అన్నా ఇది," అన్నాడు ఓంకార్. విషయం తెలిశాక వాడికి సెల్యూట్ కొట్టిన చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. "నెట్ల ఉన్నది ఇదొక్కటే. మొత్తం సినిమా గల్ఫ్‌ల అమ్మిన క్యాసెట్ల మీదనే ఉంటదట. నేను గ్రూపుల అడుగుత. నిద్రవోను అన్నా, అడుగుత."

వారం మధ్యలో జవాబొచ్చింది. సముద్రం ఒడ్డున సహం అనే ఊళ్లో ఖమరుద్దీన్ అని ఒక పెద్దాయన ఉన్నాడు, ఒకప్పుడు ఆ తీరమంతా క్యాసెట్లు అద్దెకిచ్చిన మనిషి, వెనక గదిలో ఇంకా పాత సరుకుంది, అయితే షాపు ఈ శుక్రవారంతో మూసేస్తున్నాడు.

ఓంకార్‌కు ఆ శుక్రవారమే డ్యూటీ పడింది. రఘుపతి ఒక్కడే టాక్సీలు మారి, జుమ్మా నమాజు అయ్యే వేళకు సహంలో దిగాడు. ఎండ రోడ్డు మీద నీళ్లలా మెరుస్తోంది. షాపు అద్దాల మీద రీచార్జి కార్డుల బొమ్మలు వెలిసిపోయి ఉన్నాయి, వాటి కింద ఇంకా పాతగా, వీడియో అనే మాట సగం గీకేసి ఉంది.

"చాచా, గీలీ పాయల్ క్యాసెట్ కావాలె."

నమాజు నుంచి అప్పుడే వచ్చి టోపీ మడత పెడుతున్న ఖమరుద్దీన్ కళ్లజోడు పైనుంచి చూశాడు. రాయచోటి మనిషి, గడ్డం తెల్లగా, నడుము కొంచెం వంగి ఉన్నాడు. "ముప్పై ఏండ్లు ఆలస్యంగా వస్తివే నాయనా. ఫైన్ ఎంతైతాదో తెలుసునా?"

"నవ్వులాటకు కాదు చాచా. మస్తు అవసరముంది."

"అవసరమా? దయ్యంతోనా?" అని ఆయన ఇంకేదో అనబోయి, రఘుపతి మొహం చూసి ఆగాడు. "సరే. రేప్పొద్దున యజమాని వచ్చి తాళాలు తీసుకుంటాడు. వెనకాల గదిలో ఉండాయి, పోయి ఎతుక్కో. నీకు పనికిరానివి బస్తాల్లో యేసేయ్. యాసిర్ అని బలూచీ వాడు, పికప్‌లో తీసకపోయి పారేస్తా ఉండాడు. నాకూ నడుం నొప్పి తగ్గుతాది."

వెనక గది కొలిమిలా ఉంది. నేల నుంచి కప్పు దాకా క్యాసెట్లు. రఘుపతి చొక్కా విప్పి పక్కన పడేసి మొదలుపెట్టాడు. ప్రేమ సినిమాలు, కొట్లాట సినిమాలు, మలయాళం నాటకాలు, క్రికెట్ మ్యాచ్‌లు. ఒక్కో డబ్బా తీయడం, పేరు చదవడం, బస్తాలో వేయడం. ఒక గోడ పొడుగునా పెళ్లి క్యాసెట్లు, నిఖా అని, వలీమా అని, పేర్లతో. ఎవరి పెళ్లిళ్లో ఎవరికి కావాలి ఇప్పుడు? వాటిని తెరిచి కూడా చూడకుండా దోసిళ్లతో ఎత్తి బస్తాలు నింపేశాడు. యాసిర్ లుంగీలాంటి తలగుడ్డ చుట్టుకుని వచ్చి బస్తా తర్వాత బస్తా భుజాన వేసుకుని పోయాడు.  చివరి అర దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అడుగున ఉన్న దుమ్ములో కూడా తడిమాడు. పికప్ వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

అతను ముందు గదిలోకి వచ్చి గోడకు ఆనుకున్నాడు. "లేదు చాచా."

"అన్నీ చూస్తివా?"

"అన్ని చూసిన. పెండ్లి క్యాసెట్లు తప్ప."

ఖమరుద్దీన్ తాడు కడుతున్న పెట్టెను వదిలేశాడు. "పెళ్లి క్యాసెట్లు యాడ పెడ్తివి?"

"బస్తాలల్ల ఏసిన."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నాకు చెప్పాలని తోచకపాయ. చెకింగోళ్లు వస్తాంటిరి నాయనా, దయ్యాలవీ, ఆ తరహావీ దొరికితే షాపు మూసేస్తారని పెళ్లి డబ్బాల్లో పెడ్తాంటిమి. ఇంకోళ్ల పెళ్లి ఎవుడు కూర్చోని చూస్తాడు? లేబర్ క్యాంపులోళ్లు వచ్చి, చాచా ఇయ్యాల పెళ్లుందా, అని అడుగుతాంటిరి. అందరికీ తెలుసు. నీకు తెల్దని నాకెట్ల తెలుస్తాది..."

రఘుపతి అప్పటికే తలుపు దాటాడు.

"ఒక్క పేరుండేది చూడు," అని వెనక నుంచి ఆయన కేక వినిపించింది. "రెండు పేర్లుంటే నిజం పెళ్లి. ఒక్క పేరుంటే దయ్యం."

ఒంటి మీద చొక్కా లేదని రోడ్డెక్కాక తెలిసింది. ఎవరెవరినో అడిగాడు, బలూచీ, పికప్, బస్తాలు అని చేతులతో చూపించాడు, ఒక కిరాణా కొట్టు మనిషి సముద్రం వైపు చూపించాడు. పరిగెత్తాడు. ఇటుక బట్టీ లాంటి గాలి. చెప్పుల్లో పాదాలు జారిపోతున్నాయి. దోసిళ్లతో తానే ఎత్తి పడేశాడు తల్లిని, తలుచుకుంటే కాళ్లు ఇంకా వేగంగా పడుతున్నాయి, అయినా దూరం తగ్గడం లేదు. చేపల మార్కెట్ వెనక పెద్ద ఇనప చెత్తకుండీల పక్కన పికప్ ఆగి ఉంది. ఖాళీగా ఉంది. యాసిర్ దాని నీడలో కూర్చుని కాగితం గ్లాసులో చాయ్ తాగుతున్నాడు.

రఘుపతి ఏమీ చెప్పకుండా చెత్తకుండీ అంచు పట్టుకుని ఎక్కి లోపలికి దూకాడు. చేప తలలు, ముళ్లు, కాలే ఇనుము. ఒక బస్తా మూతి పళ్లతో విప్పాడు.

"పాగల్ హో గయా క్యా?" అన్నాడు యాసిర్ లేచి నిలబడి, నీకు పిచ్చెక్కిందా, ఇందులో ఏముందని. "క్యా హై ఇస్ మే?"

"మా హై," అన్నాడు రఘుపతి. అమ్మ ఉందని, తన కన్నతల్లి ఉందని. "ఇస్ మే మేరీ మా హై భాయ్."

యాసిర్ చివరి గుక్క తాగేశాడు. గ్లాసు కింద పెట్టి, తలగుడ్డ ముక్కుకు చుట్టుకుని, ఇంకో మాట అడగకుండా అవతలి వైపు నుంచి తనూ ఎక్కాడు. ఇద్దరూ బస్తాలు కుమ్మరించారు. రెండు పేర్లు, రెండు పేర్లు, రెండు పేర్లు. ఒక్క పేరు కనిపించిందల్లా యాసిర్ పైకి ఎత్తి చూపించడం, రఘుపతి డబ్బా తెరిచి లోపల క్యాసెట్ మీద చీటీ చదవడం. వేరే దయ్యాలు చాలా వచ్చాయి. ఓంకార్ చూస్తే ఏడ్చేవాడు. నిజం పెళ్లిళ్ల జంటలన్నీ చేపల కంపులో కూరుకుపోయాక, కుండీ మూలలో 'వజీర్ – నిఖా' అన్న డబ్బా దొరికింది. లోపల చీటీ మీద హిందీ అక్షరాలు సగం చెదిరి ఉన్నాయి. గీలీ, తర్వాత పా.

అతను దాన్ని గుండెకు అదుముకుని అక్కడే, ఆ చెత్తలోనే కూర్చుండిపోయాడు. యాసిర్ చంకల కింద చేతులు వేసి లేపాల్సి వచ్చింది.

షాపులో సంగతంతా విని ఖమరుద్దీన్ ఊరికి తీసుకుపోదామని కట్టి పెట్టుకున్న వీసీఆర్‌ను మళ్లీ విప్పాడు. గుడ్డ ముక్కకు స్పిరిట్ అద్ది లోపల టేపును చదివే హెడ్డు తుడిచాడు. మూలనున్న డబ్బా టీవీకి వైర్లు తగిలించాడు. రఘుపతి వాణికి వీడియో కాల్ చేసి, ఫోన్‌ను టీవీకి ఎదురుగా ఒక చేత్తో పట్టుకున్నాడు.

"నీ ఒంటికేంది గా మురికి?" అంది వాణి.

"తర్వాత చెప్త. చూడు."

బొమ్మ వచ్చింది. రంగులు పాలిపోయినా, మనుషులు తెలుస్తున్నారు. బండి వచ్చింది, తెల్లచీర తూలింది, చేతులు ఆడించింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. చూస్తే తెలుస్తోంది, ఆ తూలడంలో ఒక మనిషి ఉంది, పడితే నవ్వుతారని, ఉన్న పని పోతుందని గబగబా సర్దుకున్న మనిషి.

"ఎట్ల నిలవడ్డదో చూసినవా," అంది వాణి మెల్లగా.

ఖమరుద్దీన్ టేపును ముందుకు పరిగెత్తించాడు. బావి వచ్చింది. మెట్ల మీద నీళ్లు, నీళ్లలోంచి తల. తెల్లచీర ఒంటికి అతుక్కుని లేచింది. జుట్టు మొహం మీద కప్పుకుని ఉంది. జీపు రాలేదు.  చేతులు పైకి లేచాయి, వేళ్లు జుట్టులోకి పోయాయి, అంతలో బొమ్మ మీద తెల్ల గీతలు పడ్డాయి, గీతలు చిక్కబడి టీవీ అంతా మంచు కురిసినట్టయింది. ఆ మంచు వెనక ఒక ఆడగొంతు విరగబడి నవ్వింది. మంచు విడిపోయేసరికి ఆమె వెనక్కి తిరిగి ఉంది.

"మొఖం యాడ?" అన్నాడు రఘుపతి. "చాచా, మొఖం యాడ?"

ఖమరుద్దీన్ వెనక్కి తిప్పి, పక్కనున్న చిన్న చక్రం అటూ ఇటూ సవరించి మళ్లీ వేశాడు. మళ్లీ అదే. చేతులు, జుట్టు, మంచు.

"గా నవ్వు గూడ అమ్మది గాదు," అంది ఫోన్‌లోంచి వాణి. "ఎవలతోనో నవ్విచ్చిన్రు."

ఖమరుద్దీన్ కళ్లజోడు తీసి పట్టుకున్నాడు. "నాయనా, ఇది మిషన్ తప్పు కాదు. టేపు అరిగిపోయిండాది. మనం ఆపినామనుకో, టేపు ఆగుతాది గానీ లోపల హెడ్డు తిరగతానే ఉంటాది, ఆగిన చోటునే గీకతా ఉంటాది. ఒకడు ఆపితే ఏం కాదు. ఇది ఎన్ని క్యాంపులు తిరిగిండాదో. అందరూ తీసకపోయేది ఈ సీన్ కోసరమే. తడి చీర, ఆ చూపు..." అక్కడ ఆగిపోయాడు. ఆయనకు ఎదురుగా ఉన్నది కొడుకని అప్పుడే గుర్తొచ్చినట్టు తల వంచుకున్నాడు. "అద్దెకిచ్చింది నేనే. నేనే ఇస్తి."

రఘుపతికి ఆ క్యాంపుల వాళ్లను తిట్టాలనిపించింది, తిట్టు నోటిదాకా రాలేదు. ఆ రూములు అతనికి తెలుసు. మంచం మీద మంచం, తాళ్ల మీద బట్టలు, ఏళ్ల తరబడి ఆడమనిషి మొహం చూడని మగవాళ్లు. వాళ్లలో ఎవరికీ ఆమె కెమెరా పక్కకు ఎవరిని చూస్తోందో తెలియదు. తమనే అనుకుని ఉంటారు. ఆపి, చూసి, ఆపి, చూసి, ఏడుస్తున్న బిడ్డ కోసం ఆమె చూసిన ఒక్క చూపునూ అందరూ కలిసి గీకేశారు.

"ఇంకొక్కసారి," అన్నాడు.

"వద్దు నాయనా. ఉన్నది కూడా పోతాది."

"ఒక్కసారి చాచా. నీ కాల్మొక్త."

ఆయన జరిగి చోటిచ్చాడు. రఘుపతి తానే మిషన్ ముందు కూర్చున్నాడు. బావి. నీళ్లు. తల. చేతులు లేచాయి. తడి చీర కొంగు జారి కుడి ముంజేయి బయటపడింది, దాని మీద నల్లగా ఏదో ఉంది.

"ఆపు," అంది వాణి. "ఆపురా, తమ్మీ. తేలు."

అతని వేలు బటన్ మీద పడింది, ఒత్తి పట్టుకున్నంత సేపే బొమ్మను ఆపే పాత బటన్ అది. బొమ్మ ఆగింది, వణుకుతూ నిలబడింది. ముంజేతి మీద తేలు పచ్చబొట్టు, కొండి పైకెత్తి, మణికట్టు దాకా.

"అమ్మ చెయ్యి," అంది వాణి. ఆమె ఏడుస్తోందని గొంతులో తెలియలేదు, ఫోన్ తెర మీద తెలిసింది. "నిన్ను ఎత్తుకుంటే గా తేలునే పట్టుకుంటుంటివి నువ్వు. ఇడువకపోతుంటివి. బొబ్బలు వెట్టి గుంజితె గాని ఇడువకపోతుంటివి."

మిషన్ లోపల గిర్రున తిరుగుతున్న చప్పుడు. బొమ్మ పై అంచున సన్నటి తెల్ల గీత ఒకటి పుట్టింది.

"ఒత్తి పెట్టుకోవాకు నాయనా," అన్నాడు ఖమరుద్దీన్. "పోనీ, ముందుకు పోనీ. కావాలంటే ఆ ఫోన్లో తీసుకో. నాది బటన్ ఫోను, దాంట్లో రాదు. ఆమె కాల్ పెట్టేసి తీసుకో."

"కట్ చెయ్యకురా," అంది వాణి. "జర ఉండనియ్యి. నేను గూడ చూసి ముప్పయ్యేండ్లు దాటింది."

రఘుపతి ఫోన్ వైపు చూశాడు, టీవీ వైపు చూశాడు. గీత కిందికి దిగుతోంది. ముందు వేళ్లను దాటింది, వేళ్లు మసకబారాయి. వేలు తీయాలని అతనికి తెలుసు. ఇక్కడే ఆపిన ఆ క్యాంపుల వాళ్లందరికీ కూడా తెలిసే ఉంటుంది, ప్రతి ఒక్కడూ ఇంకొంచెం సేపే అనుకుని ఉంటాడు. గీత మణికట్టు దాకా వచ్చింది. తేలు కొండి చివర అతను చూస్తుండగానే తెల్లబడింది.

"కనబడుతుందా అక్కా?" అన్నాడు, బటన్ మీద నుంచి వేలు తీయకుండా.